ఎర్ర బుగ్గ

1976 అక్టోబరు 18, సోమవారం

మళ్ళీ ముందు ఆవిడ చెట్టుకే! ఎలక్ట్రీషియన్ యాదయ్య పొద్దున్నే మియాపూర్ నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చి, మా గేటు దాటి, పక్క క్వార్టరు లలిత ఇంటి ముందు దిగాడు. ఆవిడ వేపచెట్టుకు దీపావళి లైట్లు. మా మామిడిచెట్టు మాటేమిటయ్యా అంటే "రేపు జూద్దం అమ్మా" అట. పోయినేడు లైట్ల అలంకరణకు కాలనీ క్లబ్బు కప్పు ఆవిడకే ఇచ్చారు. ఈసారి కూడా ఇస్తే నేనా క్లబ్బు గడప తొక్కను.

19, మంగళవారం

బల్బులకు రంగులు వేస్తున్నారు. డబ్బాలో ముంచడం, తీగకు వేలాడదీయడం... ఒకటే నవ్వులు. నాకు కడుపు మండిపోయింది. కరివేపాకు కోసే వంకతో కంచె దగ్గర నిలబడ్డాను. వాడి మాట స్పష్టంగా చెవిన పడింది — "అమ్మా, మీ ఎర్ర బుగ్గ మస్తుగున్నది."

బుగ్గట, బుగ్గ! పరాయి ఆడదానితో అనే మాటేనా? ఆవిడేమో ఊఁ కొడుతూ పళ్ళికిలిస్తోంది.

సాయంత్రం వాళ్ళాయన మూర్తిగారు స్కూటరు దిగీ దిగగానే చెప్పేశాను. పెళ్ళాం సంగతి మొగుడికి తెలియాలిగా. ఆయన మొహం మాడిపోయింది. "వాడలా అన్నాడా అక్కయ్యగారూ?"

"నా చెవులతో విన్నానండీ."

20, బుధవారం

రాత్రంతా గోడ అవతల దెబ్బల చప్పుడు. మా ఆయన రేడియో సౌండు పెంచి పడుకున్నారు.

మూర్తిగారు కాలనీకి ఎస్టేట్ ఆఫీసరు. యాదయ్యను పనిలోంచి తీసేశారు. ఎందుకో కూడా చెప్పలేదట. వేపచెట్టు సగంలో ఆగిపోయింది. హమ్మయ్య!

అదే రోజు, సాయంత్రం

పనిమనిషి బాలమ్మ వంటింట్లోంచి కేక — "అమ్మా, బుగ్గ వోయింది!"

"ఏం పోయిందే?"

"బుగ్గనమ్మా, గదే, లైటు బుగ్గ." చెయ్యెత్తి బల్బు చూపించింది.

కాకినాడ నుంచి వచ్చి ఏడాదైంది. ఈ మాట నాకొక్కరూ చెప్పలేదు! అంటే వాడన్నది రంగేసిన బల్బుని...

ఇప్పుడు చెబితే వాడు తిరిగొస్తాడు. ఆ చెట్టు వెలుగుతుంది. పండగ వెళ్ళాక చెబుతాను. రెండు రోజుల్లో ఎవరూ చచ్చిపోరు.

21, గురువారం

యాదయ్య మా గేటు దగ్గరికి వచ్చాడు. లోపలికి రమ్మనలేదు.

"నేనేమన్న తప్పు జేసిన్నా అమ్మా? ఇంటికాడ పిల్లలున్నరు. జర మీరు సారుకు చెప్పుండ్రి."

"మీ సారుతో నాకేం పనయ్యా?"

వెళ్ళబోయి వెనక్కి తిరిగాడు. "ఆ చెట్టుకు కింది జాయింటు స్విచ్ పక్కనే ఉన్నదమ్మా. టేపు చుట్టకముందే నన్ను ఎల్లగొట్టిండ్రు. వాన పడితే స్విచ్ ముట్టొద్దని లలితమ్మకు చెప్పుండ్రి. షాక్ కొడ్తది."

చెబుతానన్నాను.

మధ్యాహ్నం మూర్తిగారే నిచ్చెనెక్కి మిగతా లైట్లు కట్టేశారు. ఛీ! ఇంత చేసీ ఏం లాభం. నాకు కప్పు రాకపోతే పోయింది, ఆవిడకు రాకూడదు.

22, శుక్రవారం. పండగ

మధ్యాహ్నం నుంచి ఒకటే వాన. ఇప్పుడే తెరిపిచ్చింది. వేపచెట్టు ఇంకా కారుతూనే ఉంది.

లలిత కంచె దగ్గరికి వచ్చింది. చెంప మీద మందంగా పౌడరు. కింద నలుపు కనబడుతూనే ఉంది.

"అక్కయ్యగారూ, యాదయ్య నా బుగ్గ గురించి ఏదో అన్నాడని ఈయన కొట్టారండీ. నాకైతే ఏమీ గుర్తు రావడం లేదు. మీరు విన్నారటగా, ఏమన్నాడండీ?"

"సరిగ్గా వినపడలేదమ్మా నాకూ."

"పోనీలెండి. చీకటి పడగానే నన్నే స్విచ్ వేయమన్నారు. క్లబ్బు వాళ్ళు చూడటానికి వస్తున్నారుగా."

వెళ్ళిపోయింది.

టేపు సంగతి చెప్పాలి. చెబితే — మీకెవరు చెప్పారంటుంది. యాదయ్య వచ్చాడనాలి. అప్పుడు మళ్ళీ అదే అడుగుతుంది, వాడేమన్నాడని...

కిటికీలోంచి కనబడుతోంది. ప్రమిదలు పెట్టడం అయిపోయింది. కొంగుతో చేతులు తుడుచుకుంది, సరిగ్గా తుడుచుకోలేదు. పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, చెప్పుల్లేకుండా, చెట్టు వైపు నడుస్తోంది.

ఇక్కణ్ణుంచి పిలిస్తే వినపడేంత దూరమే.