గంట ముందుకు జరిపిన గడియారం

చిరంజీవి సృజనకు జమ్మికుంట నుంచి బాపు దీవెనలు. ఇక్కడ మీ అవ్వా నేనూ బాగానే ఉన్నాము. హైదరాబాదులో నువ్వు వేళకు తింటున్నావని తలుస్తాను. ఫోనులో అయితే నడుమనే కొట్లాడతావని కాగితం మీద పెడుతున్నాను.

అవ్వ మోకాలి సంగతి అడిగావు. నొప్పీ తగ్గలేదు, నోరూ తగ్గలేదు.

మా పత్తి మిల్లు గేటు దగ్గర బండ్లకు నేను కొట్టిచ్చే వరస చిట్టీల్లో టైము తప్పు పడి, ముందొచ్చిన బండ్లు వెనక్కి పోయాయని, ప్రోగ్రాం రాసింది నువ్వు గనక తప్పు నీదేనని మీ పెద్దసారు అంటున్నాడని రాశావు. నెలాఖరుకు తప్పు దొరక్కపోతే నౌకరీ పోతుందన్నావు. కంప్యూటరు 1970 నుంచి సెకన్లు లెక్కపెడుతుందట. ఒకచోట సెకన్లు, ఇంకోచోట వాటిలో వెయ్యోవంతులు కలిసిపోయాయేమోనని మూడు రోజులు వెతికావట. నువ్వు సెకనును వెయ్యి ముక్కలు చేసి వెతుకుతున్నావు, బిడ్డా. తప్పు గంటంత లావుంది. చేసింది నేను.

మా సూపర్‌వైజర్ సాంబయ్య ఒంటిగంట కానిదే సద్దిడబ్బా విప్పడు. వాణ్ణి ఆటపట్టిద్దామని, బండ్ల వరస తప్పిన ఆ మంగళవారం గేటు కంప్యూటరు గడియారం గంట ముందుకు జరిపాను. పన్నెండింటికే "ఆకలైతలేదు గని టైమైంది గదరా ముత్తయ్యా" అంటూ కూర్చున్నాడు. కడుపుబ్బ నవ్వుకుని, అరగంటకు మళ్లీ వెనక్కి తిప్పాను. ఆ అరగంటలో చిట్టీ తీసుకున్న బండ్లన్నీ, టైము గంట ఎక్కువ పడి, తర్వాత వచ్చినవాటి వెనక పడ్డాయి. చొప్పదండి బాలవ్వ పత్తి, వంతు రాకముందే వానకు తడిసింది.

"నా ఎనుక వచ్చినోళ్లు లోపటికి పోయిండ్రు గద కొడుకా!" అంది.

"మిషిన్ల తప్పవ్వా" అన్నాను. ఆ మాటే మీ ఆఫీసు దాకా వచ్చింది.

నిన్న మా మిల్లు సేటు ముందు ఒప్పుకున్నాను. "బిడ్డ కోసం నెత్తినేసుకుంటున్నవా? నవ్వులాటకు మెయిను స్విచ్చి బందుజేసి కరెంటు పోయిందన్నోనివి, నిన్నెవడు నమ్ముతడు?" అన్నాడు. ఇన్నేండ్లు అబద్ధం చెబితే నమ్మారు, నిజం చెబితే నవ్వారు. అలసిపోయాను.

అందుకే నీ దగ్గరున్న చిట్టీల లెక్క తియ్యి. మీరు చిట్టీలను టైము వరసలో చూస్తున్నారు. చిట్టీ నంబరు వరసలో పేర్చు. నంబరు ముందుకు పోతుంటే, ఒకచోట టైము గంట దాకా వెనక్కి దూకుతుంది. అక్కడ నా వేలుంది. అది మీ సారుకు చూపించి నా పేరు రాయి. బాపు అని కాదు, గేటు గుమాస్తా ముత్తయ్య అని. నా నౌకరీ పోతుందని ఆగితే నేనే బస్సెక్కి వస్తాను.

ఆదివారం చొప్పదండి పోతున్నాను. బాలవ్వకు ఎట్లా చెప్పాలో తెలియడం లేదు. నవ్వించి తప్పించుకుని మాత్రం రాను.

ఇట్లు,
నీ బాపు
ముత్తయ్య