పప్పు ఉడకని నీళ్ళు

మార్కాపురం,
ఆదివారం మధ్యాహ్నం.

గొర్రెల మందనూ, ఇద్దరు పిల్లలనూ, మొగుడైన మా మామనూ ఒంటిచేత్తో ఏలుతున్న మా అక్కకు తమ్ముడు మల్లి దండం పెట్టి రాసేది ఏమనగా, ఇక్కడ నేనూ నీ మరదలు శిరీషా బాగానే ఉన్నాము. అక్కడ నువ్వు, మామ, పిల్లలు, అమ్మ, నాయన, కొత్తగా ఈనిన గొర్రెలు అందరూ బాగున్నారని తలుస్తాను. నాయన దగ్గు తగ్గిందా? అమ్మ కంట్లో చుక్కలు మరిచిపోకుండా వేస్తున్నావా?

ఇదంతా ఫోనులో చెప్పవచ్చు కదా అంటావు. మేముండేది ఒకటే గది అక్కా. గోడకు అవతల ఇంటి ఓనరమ్మ ఉంటుంది. నేను ఇటు తుమ్మితే ఆమె అటునుంచి చిరంజీవ అంటుంది. కాబట్టి కాగితమే గతి. నాయనకు చదివి వినిపించేటప్పుడు నీకు తోచినచోట దాటవెయ్యి. నేను బాగానే ఉన్నానన్న ముక్క మాత్రం గట్టిగా చదువు.

ఇక్కడి ఎండ మన కొనకనమిట్ల ఎండకు పెద్దన్న. పలకల రాయి కోసే షెడ్ల వైపు నుంచి గాలి తిరిగితే, ఉతికి ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి బూడిదరంగులో దర్శనమిస్తుంది. నువ్వు పంపిన గోంగూర పచ్చడి అయిపోయింది. సగం ఓనరమ్మకు కప్పం కట్టాను. ఎవరైనా ఇటు వస్తుంటే ఇంకొంచెం పంపు, ఎండుమిరపకాయలు కూడా.

ఉద్యోగం సంగతి అడుగుతావు. నేను కెమిస్ట్రీ చెప్పే ప్రైవేటు కాలేజీని ఇంకో కాలేజీలో కలిపేశారు గానీ, నన్ను మాత్రం దేంట్లోనూ కలపలేదు. గ్రూప్స్‌కు చదువుతున్నానని అడిగినవాళ్ళకు చెబుతున్నాను. అడగనివాళ్ళను పిలిచి మరీ చెబుతున్నాను. పొద్దున శిరీష గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సు డ్యూటీకి పోయాక ఇల్లు ఊడ్చి, అంట్లు తోమి, వంట చేసి, మిగిలిన కాలంలో రాజ్యాంగం చదువుతాను. మధ్యాహ్నం పూట పలకరించే దిక్కుండదు. అధికరణాలను బయటికే చదువుతుంటాను, ఇంట్లో ఒక గొంతైనా వినిపిస్తుందని. అయినా బాగానే ఉన్నాను.

ఇక అసలు సంగతికి వస్తాను. మేము ఇల్లు కొన్నాం. మేము అనడం నా గొప్ప. కొన్నది శిరీష.

అప్పు కోసం పోయినప్పుడు బ్యాంకు మేనేజరు నావైపు తిరిగి, సార్ ఏం చేస్తారు అని అడిగాడు. నేను గొంతు సవరించుకునేలోపే శిరీష, ఇల్లు చూసుకుంటాడు సార్ అని చెప్పింది. అందులో ఎగతాళి లేదక్కా, ఉన్నమాటే. ఆయన ఆ తరువాత నావైపు మళ్ళీ చూడలేదు. అప్పు ఆమె పేరున, ఇల్లు ఆమె పేరున, నెలనెలా కోత ఆమె జీతంలో. నా వంతు, బ్యాంకులో ఫ్యాను కింద కూర్చోవడం. ఆ పనిని లోపం లేకుండా చేశాను.

ఇల్లు ఊరి చివర, తర్లుపాడు పోయే దారిలో. రెండు గదులు, వంటిల్లు, వెనక గుప్పెడంత పెరడు. అమ్మింది బజారులో కిరాణా దుకాణం ఉన్న ఒక శెట్టిగారు. మంచి మనిషే. కాకపోతే ఆయన లెక్కలో ఇల్లు కొనేది మొగుడే. గది చూపించినా నాకే, గోడ తట్టి వినిపించినా నాకే. ధర నన్ను అడుగుతాడు, నేను శిరీష వైపు చూస్తాను, ఆమె చెబుతుంది, ఆయన దానికి జవాబు మళ్ళీ నాకు చెబుతాడు. మధ్యలో నేను తపాలా డబ్బాలాగా నిలబడి ఉన్నాను.

శిరీష మాత్రం వంటింట్లోకి పోయి అరలను జానతో కొలుచుకుంది. మంచం ఎటు వేయాలో, తులసికోట ఎక్కడ పెట్టాలో నాకు వేలితో చూపించింది. నీకు తెలుసు కదా, ఓనర్లు ఎప్పుడు ఖాళీ చేయమంటారో అని సగం సామాన్లు మూటల్లోనే ఉంచుకున్న ఇంట్లో పెరిగిన పిల్ల. గోడకు మేకు కొట్టాలంటే ఎవరినీ అడగక్కర్లేదు బావా, అని ఆరోజు దారి పొడుగునా అంటూనే ఉంది.

నేను అడిగింది ఒకటే మాట. నీళ్ళెట్లా ఉంటాయి శెట్టిగారూ అన్నాను.

"నీళ్ళకేంది సారూ, మోటారేస్తే పాతాళగంగే. తాగేదానికి ఎట్లాగూ క్యాన్లు వస్తానే ఉంటాయి గదా" అన్నాడు.

ఇంట్లో పాతాళగంగ ఉంటే క్యాన్లెందుకని నేను అడగలేదు. గొర్రె మూతి పెట్టని నీళ్ళు మనిషి ముట్టకూడదని నాయన అంటాడు కదా. అప్పటికప్పుడు గొర్రెను ఎక్కడినుంచి తెచ్చేది? మా ఇంట్లో ఉన్న గొర్రెను నేనే కాబట్టి, పెరటి కొళాయి దగ్గర నేనే ఒక గుక్క తాగి చూశాను. నాలుకకు సున్నం రాసినట్టయింది. అయినా ఒక్క గుక్కతో తీర్పు చెప్పకూడదని, సీసాలో పట్టి తెచ్చుకున్నాను. కొత్త బోరు పడితే అమ్మ ముందుగా కందిపప్పు ఉడకబెట్టి చూస్తుందే, ఆ పరీక్ష పెట్టాను.

కుక్కరు కూత మీద కూత వేసింది. గోడవతల నుంచి ఓనరమ్మ, "ఏందబ్బాయ్, రైలు మీ ఇంటిమీదుగా పోతాందా?" అని కేక వేసింది. మూత తీసి చూస్తే పప్పు పప్పులాగే ఉంది. కొట్లోనుంచి తెచ్చిన పప్పుకూ దానికీ తేడా, తడిసింది, అంతే.

నేను పిల్లలకు కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి. సున్నం నీళ్ళకు పప్పు ఉడకకపోవడం వేరు, ఫ్లోరైడుకు ఎముకలు వంగిపోవడం వేరు అని తెలుసు. కానీ భయానికి చదువుండదు కదా. చంద్రశేఖరపురం పెద్దత్త వంగిపోయిన మోకాళ్ళే కళ్ళముందు కదిలాయి. ఆ ఊరి నీళ్ళే అట్లా చేశాయని అందరూ అనేవాళ్ళు. మంచం మీదనుంచి ఆమెను లేపడానికి నువ్వొక చెయ్యి, నేనొక చెయ్యి పట్టుకునేవాళ్ళం. రేపు మాకూ ఒక బిడ్డ పుడితే ఆ నీళ్ళలోనే పెరగాలి కదా.

అప్పటికి రిజిస్ట్రేషన్‌కు ఇంకా వారం ఉంది. వద్దు అంటే ఆగిపోతుంది. కానీ వద్దు అనడానికి నేనెవరిని? ఇంట్లోకి ఒక్క రూపాయి తేనివాడు ఇంటికి వంక పెడితే ఎట్లా ఉంటుంది? అనకపోతే, ఆమె ఇన్నేళ్ళ కష్టం ఆ నీళ్ళలో పోసినట్టే. రెండు వైపులా ఆలోచించి, మగాడిలాగా ఒక నిర్ణయానికి వచ్చాను. ఏమీ చెప్పకుండా ఆ పప్పునే వడ్డించాను.

ఆమె డ్యూటీ దిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని కూర్చుంది. ముద్ద తరువాత ముద్ద తింటోంది. పంటి కింద పలుకులు నలుగుతున్న చప్పుడు నాకు వినిపిస్తోంది. కాసేపటికి తల ఎత్తకుండానే అడిగింది.

"ఆ ఇంటి నీళ్ళా?"

అవునన్నట్టు తల ఊపాను.

"నాకు తెలుసు బావా. మొదటి దినమే అక్కడి పక్కింటామె చెప్పింది. తల దువ్వుకుంటే సగం జుట్టు దువ్వెనకే వస్తాందంట ఆమెకు."

"తెలిసి కూడా ఎట్లా ఒప్పుకున్నావు?"

"మంచినీళ్ళు పడే వీధిలో ఇల్లు నా ఒక్క జీతానికి రాదు. నేను కనుక్కున్నాలే, అన్ని వీధులూ."

అంతే అక్కా. కోపంగా అనలేదు, నిష్ఠూరంగా అనలేదు. రోగి బంధువుకు రిపోర్టు చెప్పినట్టు చెప్పింది. పెరుగు వడ్డించాను. ఆమె కంచం ఖాళీ చేసి, మిగిలిన పప్పు పారెయ్యొద్దు, రేపు రుబ్బి పచ్చడి చెయ్యమని చెప్పి పడుకుంది. చేశాను. పచ్చడి బాగానే వచ్చింది.

మొన్న గురువారం రిజిస్ట్రేషన్ అయింది. అమ్మిన మనిషి ఫలానా, కొన్న మనిషి ఫలానా అని చదివారు. నన్ను సాక్షిగా సంతకం పెట్టమన్నారు. కాలేజీలో హాజరు పట్టీ మీద పెట్టిన దస్తూరితోనే, అదే సొగసుతో పెట్టాను. బయటికి వచ్చాక శెట్టిగారు తాళంచెవులు తీశాడు. శిరీష చెయ్యి చాపింది. ఆయన ఆ చేతిని దాటి వచ్చి నా చేతిలో పెట్టి, "ఇంటాయన చేతికి ఇస్తేనే శుభం తల్లీ" అన్నాడు. ఆయన పోయాక ఆ చెవులు ఆమెకు ఇవ్వబోయాను. ఆమె తీసుకోలేదు.

"నీ దగ్గరే పెట్టుకో బావా. పగలంతా ఆ ఇంట్లో ఉండేది నువ్వే గదా" అంది. ఆటో ఆపి ఎక్కి, డ్యూటీకి పోయింది.

గృహప్రవేశానికి ముహూర్తం ఇంకా పెట్టలేదు. పెట్టగానే కబురు చేస్తాను, మీరందరూ రావాలి. మందను ఎవరికైనా అప్పగించి మామ కూడా రావాలి. అమ్మకూ నాయనకూ మా ఇద్దరి దండాలు చెప్పు. నీ చెయ్యి మా ఇద్దరి తలల మీద ఉన్నట్టే అనుకుంటాను. శిరీష తల మీద ఇంకొంచెం ఎక్కువసేపు ఉంచు, నాకు తొందరేం లేదు. పిల్లలకు ముద్దులు. మా గురించి ఏమీ దిగులు పెట్టుకోవద్దు, బాగానే ఉన్నాము.

ఇల్లు ఎట్లుంది అని నాయన అడిగితే, బాగుంది, గాలీ వెలుతురూ వస్తాయి అని చెప్పు. ఆ తరువాత ఆయన నీళ్ళ సంగతి అడుగుతాడు. అడగకుండా ఉండడు. దానికి ఏం చెప్పాలో రెండు రోజులనుంచి ఆలోచిస్తున్నాను, తోచడం లేదు. నువ్వే ఏదో ఒకటి చెప్పు అక్కా.

ఇట్లు,
నీ తమ్ముడు
మల్లి