వాలుకు తోలిన సాళ్లు

భీమ్‌గల్, ఆదివారం రాత్రి, 1991

నీళ్లు నిలిస్తే పసుపు కుళ్లుతుందని మా ఆయన ఈసారి సాళ్లను వాలు వెంబడే, పైనుంచి కిందికి తోలించాడు. నీళ్లు నిలవలేదు మరి! మధ్యాహ్నం వానకు ప్రతి సాలూ వాగై, విత్తనాన్ని పెకలించి, ఎర్రమన్నును ఈడ్చుకెళ్లి, కింద ఉన్న ఆయన అన్నయ్య, మా బావ నారుమడిని పూడ్చేసింది.

బావ పార ఎత్తుకొచ్చాడు. "నీ మన్నంత నా నారు మీద పోసినవ్ గదరా!"

"గది నా శేను మన్నే అన్నా. నాకు వాపస్ ఇయ్యి!"

రెండు చేన్లకు హద్దైన గట్టు మీదే కలబడ్డారు. పార తగిలి ఈయన చెవి చీలింది. ఈయన బావ గొంతు పట్టాడు. "ఇడువుండ్రి!" అని అరుస్తూనే ఉన్నాను, కాళ్ల కింద గట్టు తెగి ఇద్దరూ బురదలో పడ్డారు.

చెవికి పసుపు అద్ది కట్టు కట్టాను. వాన ఆగలేదు. బావ పార నా మంచం కింద దాచాను. తెల్లారితే ఆ గట్టు ఎక్కడుండేదని మళ్లీ కొట్టుకుంటారు. నాకే సరిగ్గా గుర్తులేదు...