నూకాలు వెళ్ళిందా, ఉండిపోయిందా?

కూర్మన్నపాలెం,
ఆదివారం సాయంత్రం

నా సండేస్కూల్ మైఖేల్‌కి,

టైపు చేస్తే ఆఫీసు మెయిల్‌లా ఉంటుంది, చేత్తో రాసి ఫోటోలు తీసి పంపమన్నావు. సరే, ఇదిగో. నీ ఓడకి సిగ్నల్ ఏ రేవులో దొరుకుతుందో, ఈ పేజీలు నీకెప్పుడు తెరుచుకుంటాయో తెలీదు. అదీ ఒకందుకు మంచిదే. వెంటనే చదివేస్తావంటే నేను రాయలేను.

ఇవాళ చర్చిలో మన పెళ్ళికి మొదటి ప్రకటన చదివారు. "జ్ఞానదాసు, జయమణిల కుమార్తె ఫెబా" అనగానే వెనక బెంచీలన్నీ నా జడ వైపు చూశాయి. చూస్తారని తెలిసే అమ్మ అన్ని పూలు పెట్టింది. "ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలియజేయవలెను" అని పాస్టర్ గారు కాసేపు ఆగారు. ఎవరి పెళ్ళికైనా అక్కడ ఆగుతారు కదా, చిన్నప్పుడు ఆ ఆగడంలో నీకు నవ్వొచ్చేది, నేను నిన్ను గిల్లేదాన్ని. ఇవాళ మాత్రం ఎవరైనా ఓ దగ్గు దగ్గితే బాగుణ్ణనిపించింది. ఎందుకలా అనిపించిందో తెలీకే ఈ ఉత్తరం. ఇంకో రెండు ఆదివారాలు చదివేస్తే అయిపోతుంది. నువ్వు దిగేలోగా ఆ తంతు ముగించాలని పెద్దవాళ్ళ తొందర.

ముందు మీ అమ్మగారి అనుమానం తీరుస్తాను. శనివారం సాయంత్రాలు నేను పూర్ణా మార్కెట్ వెనక సందులో కనిపిస్తున్నానని ఎవరో ఆవిడకి చేరేశారు. మా అమ్మ కూడా అదే మాట. "ప్రతి శనివారం ఏటే నీకా మార్కెట్లో పని? వంకాయలు మన కూర్మన్నపాలెంలో దొరకవేటి?" నిజమే, వెళ్తున్నాను. అబ్బాయెవడూ లేడు. నాటకం ఉంది.

ఒకప్పటి చింతపండు గోడౌన్ అది. ఇప్పటికీ గోడ తడిస్తే పులుపు వాసన వస్తుంది. ప్లాస్టిక్ కుర్చీలు, వెనకో రెండు బెంచీలు, అంతే హాలు. స్టేజీ అంటూ ఎత్తు లేదు. ముందు వరసలో కూర్చుంటే మన కాళ్ళు కథానాయిక నూకాలు ఇంట్లోనే ఉంటాయి. ఆవిడ అటూ ఇటూ తిరిగినప్పుడు చీర కుచ్చెళ్ళు నా మోకాలికి తగులుతాయి. మొదటిసారి ఆఫీసులో స్నేహితురాలు లాక్కెళ్ళింది. ఆ తర్వాత అది రానంది. నేను మానలేదు.

మొత్తం పాటల్లోనే నడుస్తుంది. నూకాలు మొగుడు ఓడ మీద పనికెళ్ళి చాన్నాళ్ళుగా రాడు. అత్త ఉండమంటుంది. నూకాలికి పట్నంలో కుట్టుపని దొరుకుతుంది, రమ్మంటారు. చివర్లో సంచీ సర్దుకుని వీధి తలుపు దగ్గర నిలబడుతుంది. ఆ తలుపు అట్టతో చేసింది కాదు, నిజంగా వీధిలోకి తెరుచుకునే తలుపే. నేను చూసిన మొదటి శనివారం నూకాలు "నీ దారి సంద్రాన, నా దారి రోడ్డున" అని పాడుతూ ఆ తలుపు తోసుకుని నిజం మార్కెట్లోకి వెళ్ళిపోయింది. ఆటో హారన్లు, బండివాడి కేకలు లోపలికొచ్చాయి. తర్వాతి శనివారం మళ్ళీ వెళ్తే, మైఖేల్, ఆవిడ వెళ్ళలేదు! సంచీ దింపేసి, పొయ్యి ముందు కూర్చుని, "ఎసరింకా మరగలేదు, పొద్దింకా ఉందిలే" అని వేరే పాట అందుకుంది. హాలంతా ముక్కులు చీదారు. ఆ పై వారం వెళ్ళిపోయింది. ఆ పై వారం ఉండిపోయింది.

నా ఉద్యోగం తెలుసు కదా, పరవాడలో మందుల నాణ్యత చూడటం. ఒకే శాంపిల్ ఒకసారి ఒకలా, మరోసారి మరోలా వస్తే కారణం దొరక్కుండా నిద్రపట్టదు. జనం ఎక్కువొస్తే వెళ్తుందా? ఆవిడ ఒంట్లో బాగోకపోతే ఉంటుందా? ఏదీ సరిపోలేదు. ఆ ఆటలో ఎప్పుడు పడ్డానో గాని, నాలో నేనే ఓ పందెం కాసుకోవడం మొదలెట్టాను. ఇవాళ నూకాలు ఉండిపోతే నేను నిశ్చింతగా పెళ్ళి చేసుకుంటాను. వెళ్ళిపోతే... ఆ మిగతాది రాయడానికి భయంగా ఉంది. నిన్న ఉండిపోయింది. ఇంటికి హాయిగా రావాలి కదా? బస్సులో గాజువాక దాకా ఏడుస్తూ వచ్చాను.

నీకేమైనా అర్థమైతే చెప్పు.

తల తిరుగుతున్న
నీ ఫెబా


కూర్మన్నపాలెం,
మళ్ళీ ఆదివారం

మైఖేల్,

నీ నుంచి జవాబు లేదు, ఇంకా నీళ్ళ మధ్యే ఉన్నట్టున్నావు. ఇవాళ రెండో ప్రకటన అయింది. ఎవరూ దగ్గలేదు.

కారణం దొరికింది. విని నవ్వకు. లేకపోతే నవ్వు, నేను మాత్రం నవ్వలేకపోయాను.

నిన్న నూకాలు వెళ్ళిపోయింది. జనం లేచాక నేను కుర్చీలోంచి కదల్లేదు. నూకాలు వేషం వేసే రాణి వీధిలోంచి సందు చుట్టూ తిరిగి మళ్ళీ లోపలికొచ్చి, చీరకున్న పిన్నులు తీసుకుంటోంది. పగలు జగదాంబ దగ్గర చీరల షాపులో నిలబడి నిలబడి వస్తుందేమో, పాదాలు వాచి ఉన్నాయి. హార్మోనియం వాయించే దేవీప్రసాద్ మాస్టారు పెట్టె మూస్తున్నారు. ధైర్యం చేసి అడిగాను.

"అక్కా, నూకాలు ఎప్పుడు వెళ్ళాలి, ఎప్పుడుండాలి అన్నది ఎలా తేల్చుకుంటావు?"

"తేల్సుకోడం ఏటమ్మా. లారీ."

"లారీయా?"

"ఉల్లిపాయల లారీ. కొన్ని శనివారాలు లోడొస్తాది. వోడు తెచ్చి సరిగ్గా మా తలుపుకి ఆనించి పెడతాడు. తలుపేమో బయటికి తెరుసుకుంటాది. నానెలాగెల్తాను, ఉల్లిపాయల్లోంచి దూరతానా? ఆఖరి పాట ముందు తలుపు సందులోంచి సూస్తాను. లారీ ఉందనుకో, కొంగు ఇలా దోపుతాను. మాస్టారు ఉండిపోయే పాట ఎత్తేస్తారు."

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "మొదట ఒక్కటే పాటమ్మా, వెళ్ళిపోయేది. లారీ బాధ పడలేక రెండోది కట్టాను. చెప్పకూడదు గాని, రెండోదే బాగా కుదిరింది" అన్నారు.

"మరి నూకాలు మనసులో ఏముంది?" నా గొంతు నాకే ఏడుపులా వినిపించింది.

రాణి నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "నువ్వే కదూ ఎప్పుడూ ముందు కుర్సీ పిల్లవి? నాటకాల పిచ్చనుకున్నాను. నూకాలు మనసు నాకేటి తెలుసు తల్లీ. రెండు పాటలూ మనసు పెట్టే పాడతాను. దేనికైనా జనం ఏడుస్తారు. నీకేటి కావాలో అది సూసుకుని ఎల్లు."

చూశావా? ఇన్ని వారాలు నా బతుకుని ఓ ఉల్లిపాయల లారీ చేతిలో పెట్టాను. వాడు టైముకొస్తే నాకు పెళ్ళి, రాకపోతే లేదు. సిగ్గుతో బస్సు దాకా తల వంచుకుని నడిచాను. కానీ పందెం పోయాక అసలు విషయం మిగిలింది. దాన్ని ఇంక నూకాలు మీద పెట్టి చెప్పడానికి లేదు.

మాటలు కుదిరిన రోజు గుర్తుందా? మీవాళ్ళు మా క్వార్టర్స్ హాల్లో కూర్చున్నారు. పెళ్ళయ్యాక పరవాడ ఎందుకు, ఆ పొగలో అంత దూరం ఎందుకు అన్నారు మీ మావయ్య. నువ్వు మంచిగానే అన్నావు, "నేను ఓడ మీద ఉన్నన్నాళ్ళూ ఫెబా మా అమ్మ దగ్గరుంటే నాకు నిశ్చింత" అని. అందరూ తలలూపారు. మా నాన్న కూడా. నేను కాఫీల ట్రేతో నిలబడి ఉన్నాను. నా తల కూడా ఊగిందని తర్వాత అమ్మ చెప్పింది. నాకు గుర్తులేదు మైఖేల్. నిశ్చింత నీది, ఉండటం నాది, తల ఎవరిదో తెలీదు.

నువ్వు చెడ్డవాడివైతే ఎంత సులువుగా ఉండేది! నువ్వు మా నాన్న బీపీ మాత్రలు కూడా గుర్తుపెట్టుకుని అడుగుతావు. రాత్రి ప్రార్థనలో నీ పేరు చెప్తే నా మనసు నిజంగానే మెత్తబడుతుంది. అలాంటప్పుడు ఏటి నా గోల? ఉద్యోగమా? అక్కడా నేనేమీ మహారాణిని కాను, ఒకోరోజు ఆ తెల్లకోటు విసిరికొట్టాలనిపిస్తుంది. ఒక మనసు ఔనంటే రెండోది కాదంటోంది. మాస్టారి రెండు పాటలూ నాలోనే మోగుతున్నాయి, రెండూ బాగున్నాయి.

వచ్చే ఆదివారం మూడోది, ఆఖరిది. ఆపాలంటే ఆలోపే ఆపాలి. ఆపాలో లేదో తెలీదు.

ఫెబా


కూర్మన్నపాలెం,
ఆదివారం మధ్యాహ్నం

ఏం పిలవాలో తెలీని మైఖేల్‌కి,

నీ మెసేజ్ వచ్చింది. "లారీ కథ బాగుంది, వచ్చాక ఇద్దరం వెళ్దాం. మా అమ్మ దగ్గర ఉండటం గురించి కంగారు పడకు, నెమ్మదిగా అలవాటవుతుంది" అన్నావు. అందులో తప్పేం లేదు. మళ్ళీ మళ్ళీ చదివాను. అలవాటవుతుంది నిజమే, అదే నా భయం.

నిన్న ఊరికే నాటకం చూద్దామనే వెళ్ళాను. పందెం లేదు. తలుపు పక్క కుర్చీ దొరికింది. నూకాలు సంచీ సర్దుకుంటుండగా బయట లారీ వెనక్కొస్తున్న పీప్ పీప్ వినిపించింది. దాని అర్థం తెలిసింది చూసేవాళ్ళలో నా ఒక్కదానికే. రాణి తలుపు సందులోంచి చూసింది. కొంగు దోపింది. మాస్టారి వేళ్ళు ఉండిపోయే పాట మీదికి వెళ్ళాయి.

తర్వాత నేనేం చేశానో నాకు తర్వాతే తెలిసింది. లేచాను. ఎవరిదో కాలు తొక్కి, జనం వచ్చే గుమ్మం దాటి, పక్క సందులోంచి చుట్టు తిరిగి లారీ దగ్గరికి పరిగెత్తాను. చెప్పులు కుర్చీ కిందే ఉండిపోయాయి. డ్రైవరు టీ తాగుతున్నాడు.

"అన్నయ్యా, లారీ కొంచెం ముందుకి తియ్యవా?"

"ఇప్పుడే కదమ్మా పెట్టినాను. ఏటి తొందర?"

"తలుపు తియ్యాలి."

"తలుపా? పెళ్ళికూతురేటైనా బయటికొస్తందేటి?" అని నవ్వాడు.

"రావచ్చు. తియ్యి అన్నయ్యా, నీకు దణ్ణం పెడతాను." నిజంగానే చేతులు జోడించాను. ముఖం ఎలా ఉందో గాని వాడు టీ గ్లాసు పక్కన పెట్టేసి లారీ ఎక్కాడు. ఉల్లిపొట్టు ఎగిరి నా కళ్ళలో పడింది. తలుపు రెక్క బయటికి లాగాను.

లోపల నూకాలు పొయ్యి ముందు కూర్చుని ఉంది. రాణి నన్ను చూసింది, వెనక ఖాళీ రోడ్డు చూసింది. దారి ఇచ్చాను కదా, లేచి వచ్చేస్తుందనుకున్నాను. రాలేదు. పాట మధ్యలో ఉంది. మెత్తగా నవ్వి, ఎసరు ఇంకా మరగలేదని ఇంకా బాగా పాడింది. జనమంతా తలుపు వైపు తిరిగి నన్ను చూస్తున్నారు. నేనూ నాటకంలో దాన్నే అనుకుని చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఒక ముసలాయన "మొగుడొచ్చాడనుకున్నాను" అన్నాడు పక్కాయనతో. లోపల దీపం, పొయ్యి, పాట. బయట రోడ్డు మీద చెప్పుల్లేకుండా నిలబడింది నేను. ఎవరూ నన్ను తలుపు తియ్యమనలేదు. తలుపు ఎవరి కోసం తీయించానో అప్పుడు అర్థమైంది.

పొద్దున్న ఇంట్లో చెప్పాను. అమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "సంఘానికి కారణం ఏటని సెప్పమంటావే? ఉల్లిపాయల లారీ అడ్డొచ్చిందనా? ఆ పిల్లోడు ఏటి పాపం సేశాడే?" ఏమీ చెయ్యలేదన్నాను. "మరేటి మాయరోగం?" తెలీదన్నాను. నాన్న పేపరు మడిచారు. లోపలికెళ్ళి చొక్కా వేసుకొచ్చి బండి తాళం తీశారు. "ఆరాధన మొదలైతే పాస్టర్ గారు దొరకరు. ఎక్కు" అన్నారు. స్టీల్ ప్లాంట్ జంక్షన్ దగ్గర సిగ్నల్ పడ్డప్పుడు, "ఆ రోజు నువ్వు తలూపలేదు. నాను సూశాను" అన్నారు, వెనక్కి తిరక్కుండా.

పాస్టర్ గారు నా మాట విని, ప్రకటనల కాగితం చేతిలో పట్టుకుని అడిగారు. "అభ్యంతరం ఎవరిదమ్మా?"

"నాదే అయ్యగారూ."

ఇవాళ మన పేర్లు చదవలేదు. మీ అమ్మగారు లేచి బయటికి వెళ్ళిపోయారు. వెనకే వెళ్ళి కాళ్ళు పట్టుకోవాలనిపించింది, వెళ్ళలేదు. ఈ పెళ్ళి నేను చేసుకోను మైఖేల్. నువ్వంటే ఇష్టం లేదని అబద్ధం చెప్పలేను, ఇష్టం ఉంది కాబట్టి వస్తానని కూడా చెప్పలేను. రేపు పరవాడ బస్సు ఎక్కుతాను. అది కూడా ఎన్నాళ్ళో తెలీదు. నేను సరిగ్గా చేశానో లేదో అడిగితే ఇవాళ్టికి జవాబు లేదు. చేసింది మాత్రం నేనే.

నీకు కోపం తగ్గాక, ఎప్పటికైనా తగ్గితే, ఓ శనివారం ఆ నాటకానికి వెళ్ళు. తలుపు పక్క కుర్చీలో కూర్చో. బయట లారీ ఉందో లేదో ముందు చూసుకోకు.

నీ ఎదురుచూపుల మనిషి కాలేకపోయిన
ఫెబా