గీతకు వేలెడు వెనక

1వ తేదీ, ఆదివారం. సాయంత్రం.

నేటి నుండి బేస్ గిటార్ నేర్చుకొంటున్నాను. ఇది నిర్ణయం, ఆలోచన కాదు.

నేపథ్యం: మా అమ్మాయి పాడుతుంది, గిటార్ వాయిస్తుంది. డ్రమ్ముల మీద దాని స్నేహితుడు. వాడిని అందరూ పిడుగు అంటారు. అసలు పేరు వాడికైనా గుర్తుందో లేదో. బేస్ వాయించే మూడో కుర్రవాడికి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. ఇల్లు దొరికేదాకా ఉంచమని వాయిద్యాన్ని మా ఇంట్లో పడేసి వెళ్ళాడు. 28వ తేదీన గ్రంథాలయం హాల్లో కార్యక్రమం. తాను సొంతంగా కట్టిన పాటను అమ్మాయి మొదటిసారి నలుగురి ముందు పాడబోతోంది.

"బేస్ మనిషి దొరకట్లేదమ్మా. పాట మానేద్దామనుకుంటున్నా" అని వంటింట్లో వాళ్ళమ్మతో అంటూంటే విన్నాను.

"నేను వాయిస్తాను" అన్నాను.

వంటింట్లో కుళాయి కట్టేసిన చప్పుడు వినపడింది.

"నీకు వచ్చా నాన్నా?"

"త్రాసులు బాగుచేయడం నాకు ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు."

"మరి?"

శ్రీమతి: "త్రాసు పాట పాడదు కదండీ."

అభ్యంతరం నమోదు చేసుకొని తోసిపుచ్చాను.

నియమాలు:
1. ప్రతి ఉదయం 5.30 నుండి 6.30 వరకు సాధన.
2. సాకులు నిషిద్ధం.
3. గురువు: నత్త.

మూడవ అంశానికి వివరణ. నత్త అన్నది తోటి వాయిద్యకారులు ఆయనకు పెట్టిన పేరు. ఆయన పాత రికార్డు ఒకటి నా దగ్గర ఉంది. లోకంలో బేస్ వాయించేవారందరూ స్వరం మీదికి దూకుతారు. ఈయన మాత్రం దాని మీదికి జారుతూ, తీరిగ్గా, అందరికన్నా అరక్షణం ఆలస్యంగా వస్తాడు. ఆయనలా వాయించినవారు ముందూ లేరు, తరువాతా లేరు. ఆ లోటు 28వ తేదీతో తీరుతుంది.

2వ తేదీ, సోమవారం

5.30కి లేచాను! పెట్టె తెరిచాను!

లోపం కనుగొన్నాను. మామూలు గిటార్ మెడ మీద అడ్డంగా లోహపు మెట్లు ఉంటాయి. వేలు కాస్త అటూ ఇటూ పడినా మెట్టు సర్దేస్తుంది. దీని మెడ అద్దంలా నున్నగా ఉంది. తయారీదారు మరిచిపోయి ఉంటాడు.

"మరిచిపోలేదు నాన్నా, అది అలాంటిదే. మెట్లు లేకపోతేనే జారడం కుదురుతుంది. మీ నత్తదీ ఇలాంటిదే" అంది అమ్మాయి.

"గుర్తులు లేకుండా కొలిచేదెలా?"

"కొలవరు. వింటారు."

ఈ తరానికి ఓపిక తక్కువ.

3వ తేదీ, మంగళవారం

దుకాణం నుండి స్టీలు స్కేలు తెచ్చాను. తీగ పొడవు కొలిచి, మెట్లు ఉండవలసిన చోటల్లా తెల్లని టేపును దారంలా కోసి అతికించాను. వెంట్రుకవాసి తేడా ఉండదు. ఇటువంటి పనిలో నా చేతికి తిరుగులేదని ఈ వీధి మొత్తానికీ తెలుసు.

శ్రీమతి కాఫీ ఇస్తూ మెడను పైనుండి కిందికి చూసింది.

"జ్వరం కొలిచేదిలా తయారైంది."

అసూయ.

వేలు ఎక్కడ పెట్టాలో తెలియడానికి ఒక బోధిని కూడా కొన్నాను. 'మెట్టు మీద కాక, దానికి వేలెడు వెనక నొక్కవలెను' అని ఉంది. మామూలు గిటార్ నేర్చుకొనేవారికి రాసిన పుస్తకమే అయినా, గిటార్ గిటారే. గీతకు వేలెడు వెనక. వేలెడంటే ఒక వేలి వెడల్పు. ఇక తప్పే ప్రసక్తి లేదు.

5వ తేదీ, గురువారం

శ్రుతి కొలిచే చిన్న మీటరు ఒకటి ఉంది. స్వరం సరిగ్గా ఉంటే ముల్లు నిటారుగా నిలుస్తుంది. నేను గీతకు వేలెడు వెనక ఎంత నిష్ఠగా నొక్కినా ముల్లు ఎడమకు వాలుతోంది. అంటే స్వరం తక్కువ పలుకుతోంది.

గీతలు తప్పు కావు. వేలు తప్పు కాదు. కాబట్టి తీగలు తప్పు.

నాలుగు తీగలనూ కొద్దికొద్దిగా బిగించాను. ముల్లు లేచి నిలబడింది! సమస్య గుర్తింపు నుండి పరిష్కారం వరకు పావుగంట!

మధ్యాహ్నం దుకాణానికి పండ్ల వ్యాపారి వచ్చాడు. త్రాసు బల్ల మీద పెట్టి చుట్టూ చూశాడు.

"గురువుగారూ, ఈ సున్నా ఉంది చూశారా, దాన్ని కాస్తంటే కాస్త అటు జరిపితే..."

"మొదలే తప్పించాక, పైన తూగేదంతా అబద్ధమే. సున్నా జరిపే చేతులు కావు ఇవి" అని చెడామడా వాయించి పంపాను.

మనసు నిర్మలంగా ఉంది. సంగీతం మనిషిని ఎంత మారుస్తుంది!

8వ తేదీ, ఆదివారం

నత్త రికార్డు వింటూ 'నత్త లక్షణాలు' అని పట్టిక తయారుచేస్తున్నాను. జారుడు పొడవు, జారుడు వేగం, మౌనం, ఆలస్యం... ఒకచోట ఆయన దగ్గాడు. అది కూడా రాసుకున్నాను. దగ్గు వెనక ఉద్దేశం లేదని మనమెలా చెప్పగలం?

పట్టిక పూర్తికాక ముందు వాయించడం శాస్త్రీయం కాదు. కనుక గురువారం తరువాత వాయించలేదు.

10వ తేదీ, మంగళవారం

కుర్చీ ఎత్తు సరిగా లేదు. కాళ్ళు ఒక వేలెడు కోశాను. ఇప్పుడు ఊగుతోంది. సరిచేయడానికి మరికాస్త కోశాను.

సాధన: కుర్చీ కారణంగా లేదు.

13వ తేదీ, శుక్రవారం

వేళ్ళు బొబ్బలెక్కాయి. ఏ సాధన వల్ల అని శ్రీమతి ఆరా తీసింది. రంపం వల్ల అని చెప్పవలసి వచ్చింది.

కుర్చీ ఇప్పుడు పీట.

17వ తేదీ, మంగళవారం

5.30కి మెలకువ వచ్చింది. దానిని లేవడంగా పరిగణించవచ్చునా అన్నది ఆలోచిస్తూ పడుకున్నాను.

అమ్మాయి తలుపు దగ్గర నిలబడి అడిగింది. "నాన్నా, నిజం చెప్పు. కాదంటే ఇంకెవరినైనా చూసుకుంటా. ఇంకా టైముంది."

"ముల్లు నిటారుగా నిలబడుతోందా లేదా, నువ్వే చూడు" అని మీటరు పెట్టి ఒక స్వరం వాయించి చూపాను. నిలబడింది.

"సరే నాన్నా" అంది. దాని మొహం విప్పారింది. ఇంకెవరినీ చూసుకోనంది.

19వ తేదీ, గురువారం

పై కారణాలే.

21వ తేదీ, శనివారం

మా హాల్లో రిహార్సల్. సోఫా బాల్కనీలోకి వెళ్ళింది, పిడుగు డ్రమ్ములు దాని స్థానంలోకి వచ్చాయి.

పాట మెడ కింది భాగంలో, తక్కువ స్వరాల మీద మొదలవుతుంది. బాగానే సాగింది. నేను గీతకు వేలెడు వెనక, శిలాశాసనంలా. పాట పైకి ఎక్కసాగింది. అక్కడినుండి ఏదో పాలు విరిగినట్లు మొదలైంది. అమ్మాయి నా వైపు చూసి శ్రుతి కాస్త తగ్గించింది. తరువాత పెంచింది. తరువాత ఆపేసింది.

"సారీ. నాకే శ్రుతి తప్పుతోంది. మళ్ళీ మొదటినుంచి."

మళ్ళీ. అదే చోట, అదే తీరు.

పిడుగు పుల్లలు దించి, "అంకుల్, మీ బేస్ ఒకసారి..." అని నసిగాడు.

కింది స్వరం ఒకటి వాయించి, "ముల్లు చూడు బాబూ" అన్నాను. చూశాడు. నిటారుగా ఉంది. వాడిక నోరెత్తలేదు.

మూడోసారి అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా పాట నేనే పాడలేకపోతున్నా" అని లోపలికి వెళ్ళిపోయింది.

పరికరం సరిగా ఉన్నప్పుడు లోపం ఎక్కడ ఉన్నట్లు? నేను ఏమీ అనలేదు. అననక్కరలేదు కదా.

22వ తేదీ, ఆదివారం

శ్రీమతి: "వినపడుతోందా?"

"ఏమీ వినపడడం లేదే."

"అదే. పొద్దున్నుంచి అమ్మాయి కూనిరాగమైనా తియ్యలేదు. స్నానాల గదిలో కూడా. పుట్టి బుద్ధెరిగాక ఇది మొదటిసారి." మీటరు వైపు చూసి, "మీ ముల్లు మాత్రం నిలబడే ఉందిగా, సంతోషం" అంది.

అమ్మాయి గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలిస్తోంది. కార్యక్రమంలో తన పాట వద్దని పిడుగుకు ఫోన్లో చెబుతోంది. వాడు బతిమాలుతున్నాడు.

23వ తేదీ, సోమవారం

దుకాణానికి ఒక త్రాసు వచ్చింది. చిన్న తూకాలకు ఒప్పుతోంది, పెద్దవాటికి తేడా కొడుతోంది. ఇటువంటి దానిని బల్ల మీద పెట్టగానే నేను చేసే మొదటి పని ఒకటుంది: పళ్ళెం ఖాళీ చేసి చూస్తాను. ఏమీ పెట్టనప్పుడు అది ఏమి చెబుతోంది? సున్నా చెప్పకపోతే ఎవరో జరిపారన్నమాట.

పళ్ళెం ఖాళీ చేశాను. చేసి, అలాగే నిలబడిపోయాను. దుకాణం మూసి ఇంటికి వచ్చేశాను.

వేలు పెట్టని తీగ ఖాళీ పళ్ళెం. ఇన్నాళ్ళలో ఒక్కసారీ దానిని మీటలేదు. మీటాను. ముల్లు కుడివైపు అంచుకు కొట్టుకుంది.

విచారణ వివరాలు:
1. ఈ మెడ మీద మెట్లు లేవు. మెట్టుకు వెనక నొక్కమన్న నియమం దీనికి చెల్లదు. వేలు సరిగ్గా గీత మీదే పడాలి.
2. నేను వెనక నొక్కి, తగ్గిన స్వరాన్ని కప్పిపుచ్చడానికి తీగలు బిగించాను.
3. పైకి వెళ్ళేకొద్దీ గీతలు దగ్గరవుతాయి, నా వేలు మాత్రం సన్నబడదు. అందుకే కింద కుదిరిన అబద్ధం పైన కుదరలేదు.
4. సున్నా జరిపింది ఎవరో తెలిసింది. పండ్ల వ్యాపారి కాదు.
5. అమ్మాయి గొంతు సరిగానే ఉంది. మొదటినుండీ.

24వ తేదీ, మంగళవారం

అమ్మాయికి చెప్పాలి. ప్రసంగం మూడు రకాలుగా రాసుకున్నాను: సాంకేతికం, భావోద్వేగం, రెంటి మిశ్రమం. భోజనాల దగ్గర మొదలుపెట్టబోయాను. నీళ్ళు అడిగి ఊరుకున్నాను.

శ్రీమతి కాగితాలు చూసేసింది. "చెప్పడానికి కూడా సాధన కావాలా? దానికీ కుర్చీ కొయ్యాలా?"

25వ తేదీ, బుధవారం

చెప్పాను. రాసుకున్నదేదీ నోట రాలేదు. "తప్పు నాది. నీ గొంతు కాదు" అన్నాను. తరువాత ఖాళీ తీగ మీటి చూపాను.

అది చాలాసేపు ముల్లు వైపే చూసింది.

"నాలుగు రోజులు ఉప్పునీళ్ళు పుక్కిలించాను నాన్నా."

"అవును."

"పాట మానేశాను."

"అవును."

"వాడు అడుగుతుంటే మీటరు చూపించి నోరు మూయించావు."

"అవునమ్మా."

కోపమో నవ్వో తేలని మొహంతో వాయిద్యం ఒళ్ళోకి లాక్కుని, తీగలు సడలించి, ఒక్కొక్కటే టేపు పీకసాగింది. గోటితో, కసిగా. నేను ఒక్కొక్కటీ అందుకొని చెత్తబుట్టలో వేశాను. చివరి మూడూ ఉంచమని అడిగాను. ఒకటి ఉంచింది.

"మీ నత్త లేటుగా వస్తాడని పట్టిక వేశావే. ఎందుకు లేటో రాశావా?"

ఎంత ఆలస్యమో రాశాను. ఎందుకో రాయలేదు.

"పాడేవాళ్ళ గొంతు విని, అప్పుడు వస్తాడు. నువ్వూ అంతే చెయ్యి. ముందు నేను పాడతా. విను. దొరికితే రా. దొరకకపోతే ఊరుకో. ఊరుకోవడం మాత్రం మర్చిపోకు."

పిడుగుకు ఫోన్ చేసింది. పాట ఉందట.

27వ తేదీ, శుక్రవారం

రెండు రోజులుగా సాయంత్రం అది పాడుతోంది, నేను వెతుక్కుంటున్నాను. పాటలో ఐదు స్వరాలు నాకు దొరికాయి. ఐదంటే తక్కువేమీ కాదు. ఆరవది కూడా ఒకసారి దొరికింది. మళ్ళీ కనపడలేదు.

28వ తేదీ, శనివారం

గ్రంథాలయం హాలు. మడత కుర్చీలు, ఒక ఫ్యాను, శ్రీమతి మొదటి వరుసలో. పీట తీసుకెళ్ళాను. దాని మీద కూర్చుంటే ప్రేక్షకులకు నా తల మాత్రమే కనపడిందని తరువాత తెలిసింది.

అమ్మాయి మొదలుపెట్టింది. విన్నాను. దొరికిన చోట వచ్చాను. రెండవ స్వరం దగ్గర తక్కువగా దిగి, దాని గొంతు వింటూ పైకి జరుపుకొంటూ వెళ్ళాను. మూడవదీ అంతే. పాట పైకి ఎక్కింది. పోయిన శనివారం విరిగిన చోటు వచ్చింది. దాని కళ్ళు నా వైపు తిరిగాయి.

తీగ మీద చెయ్యి ఆనించి ఆపేశాను.

పిడుగు కూడా ఆగాడు. ఆ స్వరం మీద అది ఒక్కతే నిలబడింది. అటూ ఇటూ చూడలేదు. దాని కింద నేను లేను. అవసరం లేకపోయింది.

చప్పట్లయ్యాక పిడుగు అన్నాడు. "అంకుల్, ఆ జారుడు అదిరింది. అచ్చం నత్త!"

"అది జారుడు కాదు. వెతుకులాట."

"ఎవరికీ చెప్పకండి."

శ్రీమతి పీటను చంకలో పెట్టుకుంటూ, "వాయించని చోట చాలా బాగా వాయించారు" అంది. ఇరవై ఏళ్ళ కాపురంలో ఇది మెచ్చుకోలు కిందికే వస్తుంది.

29వ తేదీ, ఆదివారం

స్నానాల గదిలోంచి పాట వినపడుతోంది. పెద్దగా.

బేస్ మనిషి దొరికేదాకా నన్నే ఉండమంది. దొరికినా తొందరేమీ లేదంది. కాబట్టి తీర్మానం మళ్ళీ మొదలు. రేపటి నుండి. ఆదివారం మొదలుపెట్టిన తీర్మానం ఏమైందో పైన ఉన్నది.

నియమాలు (సవరించినవి):
1. ముందు ఖాళీ తీగ.
2. పట్టికలు నిషిద్ధం. (ఇది పట్టిక కాదు.)
3. స్టీలు స్కేలు శ్రీమతికి అప్పగించాను. రసీదు అడిగాను. ఇవ్వలేదు.
4. ఉదయం 5.30 రద్దు. ఇకపై అమ్మాయి లేచి గొంతు సవరించుకొనే వేళకే సాధన.

అది ఏడున్నర దాటనిదే లేవదు. ఈ మార్పు నా నిద్ర కోసం చేసినది కాదని ఇందుమూలంగా నమోదు చేస్తున్నాను.