ఎవరూ చూడని పుస్తకం

చిరంజీవి పండుకి,

నాయనమ్మ మనసారా ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ నాన్న, మీ అమ్మ వేళకు తిని తిరుగుతున్నాం కాబట్టి క్షేమమనే చెప్పుకోవాలి. నీ క్షేమం సంగతి, నీ మీద వచ్చిన ఫిర్యాదుకు గురువారం విచారణ అయితే కాని తెలియదు. అందుకని ఆ రెండో వాక్యం రాయకుండా వదిలేశాను.

పదకొండు మంది సైనికులకు పైవాడినయ్యాను, ఇక పండూ అని పిలవకు అన్నావు. నీ బుగ్గలు చూసి పెట్టిన పేరు, ప్రమోషన్ చూసి మార్చడం నా వల్ల కాదు. కవరు మీద మాత్రం నీ హోదా పూర్తిగా రాశాను. పోస్ట్‌మన్ అయినా భయపడనీ.

నువ్వడిగిన వాటికి జవాబులు. మోకాళ్లు నా మాట వినడం మానేసి చాలా కాలమైంది, కొత్త సంగతేమీ లేదు. మీ నాన్న కొత్త కళ్లజోడు పెట్టుకుని పాత తప్పులే చేస్తున్నాడు. మీ అమ్మ మేడమీద పంపు తనే విప్పి తనే బిగించింది, ఇప్పుడు నీళ్లు ధారగా వస్తున్నాయి. మాత్రలు వేసుకుంటున్నావా అని ఒకే ఉత్తరంలో రెండుచోట్ల అడిగావు. వేసుకుంటున్నాను.

నీ నల్ల పుస్తకం ఇక్కడే ఉంది. పోయిన సెలవులో నీ టేబుల్ సొరుగులో వదిలి వెళ్లావు. దాన్ని పొయ్యిలో వేసెయ్యమన్నావు. వెయ్యను. విచారణకు ముందు కాలిన పుస్తకంలో లేని పాపాలు కూడా ఉన్నాయనుకుంటారు.

నువ్వు రాసిన ముక్క పదిసార్లు చదివాను. "పైవాడు తన కింద వాళ్ల గురించి గుర్తు కోసం రాసుకున్నది తన సొంతం. ఇంకొకరి కంట పడనంతవరకు అది రికార్డు కాదు. పడితే మాత్రం రికార్డే, అందులో ఏముందో వాళ్లకు ముందే చెప్పి ఉండాలి. నాది ఎవరూ చూడలేదు, గురువారం అదే రాసి సంతకం పెడతాను" అన్నావు. ఆ కింద ఇంకో వాక్యం ఉంది. "ఎవరైనా చూసి ఉంటే స్టోరు చూసేవాడే. సెలవుకు ముందు నా పెట్టె వాడి గదిలోనే ఉంది, వాడి పేరు చెబుతాను" అని. అది చదివాకే ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

నేనూ ముప్పై ఏళ్లు స్కూళ్లు తనిఖీ చేసి టీచర్ల మీద రాసిన దాన్నే. తేదీ వేసి, చూసింది రాసి, వాళ్ల ముందే చదివి, కింద సంతకం తీసుకునేదాన్ని. సగం మంది నన్ను తిట్టుకున్నారు, కాని నేనేం రాశానో తెలిసి తిట్టుకున్నారు. పేర్ల బదులు మారుపేర్లు పెట్టుకున్న నీ పుస్తకంలో 'పొడుగాయన ఈ నెలలో మూడుసార్లు ఆలస్యం' అన్నది పని. 'కవిగారి భార్య పుట్టింటికి వెళ్లి తిరిగి రాలేదు' అన్నది పనా? అది నీకు తెలిస్తే అతను తుపాకీ ఇంకా బాగా తుడుస్తాడా?

ఇవన్నీ నాకెలా తెలుసని ఈపాటికి నీ గుండె ఆగి ఉంటుంది. కూర్చో. నిలబడి చదవకు.

చూశాను నాయనా. నువ్వు వెళ్లిన వారానికి, సొరుగు దులుపుతూ తీశాను. నోటుపుస్తకం కనబడితే తెరవడమే నా ఉద్యోగమాయె, చేతులకు రిటైర్మెంట్ లేదు. భూతద్దం పెట్టుకుని చదివాను. కొన్ని పేజీలకు నవ్వొచ్చింది కూడా. ఇంతలో నాకు తెలిసిన మాట ఒకటి కనబడింది: 'నాయనమ్మ'.

నా కళ్లను నేను నమ్మలేదు. మీ అమ్మకు చూపించడానికి ముఖం చెల్లలేదు. ఎదురింటి కుట్టుపని అమ్మాయి సన్న సూదిలో కూడా ఒక్క ప్రయత్నంలో దారం ఎక్కిస్తుంది కదా, ఆ కళ్లు కావాలని పిలిచాను. అదీ నేను చేసిన పని.

ఆ అమ్మాయి వాకిట్లో వెలుతురుకు పట్టుకుని చదివింది. "నాయనమ్మ. గ్యాస్ కట్టేయడం రెండుసార్లు మరిచింది. అరగంటలో ఒకే సంగతి మూడుసార్లు అడిగింది. ఇంట్లో ఇంకా ఎవరూ గమనించలేదు. వచ్చే సెలవులో చూసి డాక్టర్‌కు చెప్పాలి. ఆమెతో అనకూడదు."

"పిన్నిగారూ, ఇది మీ గురించేనాండీ?" అంది.

"చదవమన్నాను కాని అర్థం చెప్పమనలేదమ్మాయ్" అన్నాను.

లోపలికి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చేసరికి ఆ అమ్మాయి పేజీ తిప్పేసింది. ముఖం పాలిపోయి ఉంది. "మిషన్‌గాడు అని రాశారేంటండీ? చిన్నప్పుడు కుట్టుమిషన్ చక్రం తగిలి గడ్డం చీలిందట... పిన్నిగారూ, అది నా మిషనే. వీడు మా అక్క కొడుకు!"

అతను నీ కింద పనిచేస్తున్నాడని నాకేం తెలుసు? పేర్లు లేవు కదా, ఎవరికీ ఏమీ కాదు అనుకున్నాను. ఆ పేజీలో నువ్వు రాసింది నీకు గుర్తుండే ఉంటుంది. కాల్పుల సాధనలో ఆ శబ్దానికి అతను బట్టలు తడుపుకున్నాడనీ, నీ కాళ్లు పట్టుకున్నంత పని చేశాడనీ, ఎవరికీ చెప్పనని మాటిచ్చావనీ. మాట ఇచ్చినట్టు కూడా రాసుకున్నావు. చూడు, ఎంత జాగ్రత్తపరుడివో!

మొన్న ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. "అక్కతో అన్నానండీ. నోరు ఆగలేదు. అక్క ఫోన్‌లో వాణ్ణి అడిగేసింది. అప్పటినుంచి వాడు మా ఎవ్వరి ఫోనూ ఎత్తడం లేదు. ఏమైనా చేసుకుంటాడేమోనని భయంగా ఉంది పిన్నిగారూ" అంది. ఆ కుర్రాడి ఫిర్యాదు అక్కడినుంచి పుట్టింది. స్టోరు చూసేవాడికి దీంతో ఏ సంబంధమూ లేదు.

ఫోన్ చేద్దామని రెండుసార్లు డయల్ చేసి పెట్టేశాను. అక్కడ నీ పక్కన ఎవరుంటారో, ఎవరు వింటారో. ఉత్తరానికి నాలుగు రోజులు. ఇవాళ శుక్రవారం. మధ్యలో ఆదివారం ఉంది. అందుతుందో లేదోనని పోస్టాఫీసు గుమాస్తాను ఎంత విసిగించానంటే, నన్ను చూడగానే కిటికీ మూస్తున్నాడు.

పండూ, ఎవరూ చూడలేదని సంతకం పెట్టకు. ఇద్దరు ఆడవాళ్లు చూశారు, ఒకరి వల్ల మూడో ఆవిడకు తెలిసింది, అదే చెప్పు. ప్రమోషన్ పోతే పోతుంది. దానికంటే ముందు ఈ ఉత్తరం చేతిలో ఉండగానే వెళ్లి ఆ కుర్రాడి పక్కన కూర్చో. పుస్తకం లేకుండా కూర్చో. నీ గురించి ఎవరో ఎక్కడో రాసుకున్నారని తెలిస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అప్పటినుంచి నేను మీ అమ్మ ముందు ఏ మాటైనా అనేముందు, ఇది ఇందాకే అన్నానా అని ఆలోచించుకుంటున్నాను. వంటింట్లోకి వెళ్లాలంటే దొంగలా వెళ్తున్నాను.

విచారణ చేసే అధికారికి ఇదంతా రాసి నా సంతకంతో వేరే కాగితం ఈ కవర్లోనే పెట్టాను. ఇవ్వడం, ఇవ్వకపోవడం నీ చేతిలో ఉంది. ఇక్కడే నాకు చెప్పలేనంత భయం పట్టుకుంది. 'మా నాయనమ్మకు మతి స్థిమితం లేదండీ, ఏదో ఊహించుకుని రాసింది' అని నువ్వు ఒక్క మాట అంటే చాలు, బయటపడతావు. దానికి సాక్ష్యం కూడా ఉంది, నీ చేతిరాతతో, తేదీ వేసి. నేను కాదనలేను. పైగా నువ్వు రాసింది తక్కువ. గ్యాస్ రెండుసార్లు కాదు, మూడు. మూడోది నువ్వు వెళ్లాక జరిగింది. వాసన వచ్చి నేనే కట్టేశాను, ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు నీకు చెప్పాను. కావాలనుకుంటే వాడుకో.

ఇట్లు,
ఇందులో ఏదీ మరిచిపోలేదనుకుంటున్న
మీ నాయనమ్మ