ఒళ్ళో సరోజ తువ్వాల

ఏప్రిల్ 6, 2009, సోమవారం
సరోజ ఈతకు పోతున్నదట. సరోజ! మోకాలు దాటి నీళ్ళుంటే కళ్ళు మూసుకునే మనిషి. క్లబ్బు పూల్‌లో సాయంత్రం నాలుగింటికి ఆడవాళ్ళ బ్యాచ్ పెట్టారు, ఈసారి బొగ్గుగని కార్మికుల ఇళ్ళవాళ్ళనూ రానిస్తున్నారు. పెరటి గోడ మీదినుంచి చెప్పింది. "నువ్వు గూడ రావే రాజీ. దవాఖానల నీకు గదే చెప్పిన్రు గదా, మోకాళ్ళకు ఈత మంచిదని."
డాక్టరు చెప్పింది నాకు. పేరు రాయించుకున్నది ఆమె.

ఏప్రిల్ 8
వెళ్ళాను, ఊరికే చూద్దామని. నైటీతో, చుడీదార్‌తో దిగనివ్వరట. కాస్ట్యూమ్ ఉంటేనే నీళ్ళు. ఈత నేర్పే అమ్మాయి మెడలో ఈల వేసుకుని కరాఖండిగా చెప్పింది.
గదిలోంచి సరోజ బయటికి వచ్చింది... నీలం రంగు. వెడల్పు పట్టీలు, తొడల మీదికి చిన్న గౌను అంచు. నా ఈడుదే, నలభై ఆరు. ఇద్దరు పిల్లల తల్లి. పొట్ట ఏది? ఎక్కడ దాచింది? "సరోజక్కా, మస్తున్నవ్" అని ఒకటే గోల. సిగ్గుపడుతూ వచ్చి తువ్వాల నా ఒళ్ళో పెట్టింది. "జర పట్టుకోవే."
పట్టుకుని కూర్చున్నాను, ఈల ఊదేదాకా.

ఏప్రిల్ 9
కుళ్ళు. దీనికి వేరే పేరు లేదు.

ఏప్రిల్ 10
పొద్దటి నుంచీ మా ఊరి బావే కళ్ళల్లో. లంగా కాసె పోసి, మోట బండ మీదినుంచి నేను దూకితే కింద కప్పలు కూడా చెదిరిపోయేవి. మా వాడ ఆడపిల్లలందరికీ ఈత నేర్పింది నేనే. ఒక్క సరోజ దిగలేదు. గడ్డ మీద కూర్చుని మా బట్టలకు కాపలా ఉండేది. నా పొడి లంగా ఆమె ఒళ్ళోనే ఉండేది.
ఇప్పుడు ఆ బావి లేదు, ఊరూ లేదు. ఓపెన్‌కాస్టు గని తవ్వి పోసిన మట్టి గుట్ట కింద ఎక్కడో ఉంది. ఇద్దరం పెళ్ళిళ్ళయి ఈ కాలనీకే వచ్చాం. గోడకు ఇవతల నేను, అవతల ఆమె. అప్పుడు బట్టలకు కాపలా ఉన్న మనిషి నీళ్ళల్లో ఉంది, నేను ఒడ్డున ఉన్నాను. ఇదేం న్యాయం?

ఏప్రిల్ 11
లక్ష్మీనగర్‌లో ఆటల సామాన్ల షాపు. కాస్ట్యూమ్ కావాలి అనడానికే నోరు పెగల్లేదు. షాపాయన "పాపకా అమ్మా?" అన్నాడు. పాపకే అన్నాను. తరువాత సైజు చెప్పాను. ఆయన లోపలికి పోయి చాలాసేపు రాలేదు.
ఎర్రది తెచ్చాడు. సరిగ్గా పొట్ట మీద ఇంత పెద్ద పువ్వులు, వాటి చుట్టూ కుచ్చులు. దాచుకోవాల్సిన చోటే బాజా పెట్టినట్టు. చుడీదార్ మీదే వేసుకుని చూశాను. చెయ్యెత్తితే పట్టీ భుజాన్ని కోస్తున్నది. కూర్చుంటే తొడ దగ్గర ఎలాస్టిక్ కరుస్తున్నది. నిలబడితే మాత్రం బాగుంది. ఈతకు పోయి నిలబడి ఏం చెయ్యను?
తీసుకోలేదు.

ఏప్రిల్ 12
ఈయన మొదటి షిఫ్టు నుంచి వచ్చి, అన్నం ముందు కూర్చుని, ఊరికే అన్నట్టు... "సరోజమ్మ మంచిగ సన్నవడ్డది గదా."
కూర రెండోసారి వెయ్యలేదు.

ఏప్రిల్ 14
టైలర్ షాహెదా దగ్గరికి పోయాను. బనియన్ గుడ్డ ఇచ్చాను, నల్లది. కొనడానికి దొరక్కపోతే కుట్టించుకోలేనా! షాహెదా గుడ్డను లాగి చూసి మూతి విరిచింది. "గీ కప్డా నీళ్ళల్ల సాగుతది అక్కా. నాది జిమ్మేదారి కాదు." నువ్వు కుట్టు తల్లీ, మిగతాది నాకు వదిలెయ్ అన్నాను.

ఏప్రిల్ 16
కుట్టి ఇచ్చింది. అద్దంలో బాగున్నాను! నిజంగా. నలుపు మనిషిని సన్నగా చూపిస్తుంది. సరోజకు ఈ సంగతి తెలియదు, నీలం కొనుక్కుంది. స్నానాలగదిలో తలుపేసుకుని పాటలు కూడా పాడాను.
తరువాత, చూద్దామని, రెండు బకెట్ల నీళ్ళు కుమ్మరించుకున్నాను. అంతే. గుడ్డ మొత్తం నీళ్ళు తాగి, మెడ పొట్ట మీదికి, పొట్ట మోకాళ్ళ మీదికి వచ్చింది. పిండితే ఇంకో అరబకెట్ వచ్చింది. షాహెదా చెప్పినా వినని మొండి ముఖం నాది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. బయట ఈయన... "ఏందే, లోపల ఎవలున్నరు?"

ఏప్రిల్ 18
మళ్ళీ పూల్ ఒడ్డు. మళ్ళీ తువ్వాల. ఎందుకు పోతున్నానో నాకే తెలియదు. చూడకపోతే ఉండలేను, చూస్తే కడుపు మంట.
సరోజ పూల్ అంచున ఉన్న రాడ్ పట్టుకుని కాళ్ళు కొడుతున్నది. మోకాళ్ళు వంచుతున్నది. తప్పు. తొడ నుంచి కొట్టాలి. అట్లా ఏడాది కొట్టినా మనిషి ముందుకు కదలదు. నేర్పే అమ్మాయి పిల్లల దగ్గర ఉంది, చూడలేదు. నాకు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. కొట్టనీ అట్లనే.

ఏప్రిల్ 20
మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగ్‌కు కిటికీలు అదురుతుంటే సరోజ వచ్చింది. చేతిలో టేపు. "మా చెల్లె వచ్చే వారం హైదరాబాద్ నుంచి వస్తది. నీకొకటి తెప్పిస్త. నిలవడు, కొలుస్త."
కొలుస్తుందట! నా నడుము ఎంతో రేపు బ్యాచ్ అంతా చెప్పుకుని నవ్వడానికి. టేపు లాక్కుని, నేనే చెప్తాను రాసుకో అన్నాను. నడుము దగ్గర రెండంగుళాలు తగ్గించాను. ఛాతీ దగ్గరా తగ్గించాను. సరోజ నా ముఖం కేసి చూసి రాసుకుంది.

ఏప్రిల్ 22
చెప్పిన కొలతకు వస్తే ఎక్కదు. ఎక్కకపోతే ఆమె ముందు ఏం ముఖం పెట్టుకోను? రెండు రోజులుగా రాత్రి అన్నం మానేశాను. మోకాళ్ళకు తోడు ఇప్పుడు కళ్ళు తిరుగుతున్నాయి.

ఏప్రిల్ 27
వచ్చింది.
నల్లది. పువ్వుల్లేవు, కుచ్చుల్లేవు. పొట్ట దగ్గర లోపల రెండో పొర, పట్టి ఉంచుతుంది గానీ ఊపిరి ఆడుతుంది. కాళ్ళు సగం తొడదాకా, ఎక్కడా కరవదు. చేతులెత్తాను. వంగాను. గొంతుక్కూర్చున్నాను, మోకాళ్ళు కలుక్కుమన్నాయి గానీ గుడ్డ ఎక్కడా పట్టలేదు. బకెట్ నీళ్ళు పోసుకున్నా అట్లాగే ఉంది. అద్దంలో... ఉన్నాను. అంతే, నేనే ఉన్నాను, ఎబ్బెట్టుగా లేను.
సరిపోయింది ఎట్లా? గోడ దగ్గరికి పోయి అడిగాను.
"నువ్వు తగ్గించి చెప్తవని నాకు తెల్వదానె? కలిపి చెప్పిన." నవ్వుతున్నది. "భుజాల కాడ వదులున్నది సూడుమన్న మా చెల్లెను. నీవి బారలేసే చేతులు. గాడ ఇరుకైతె నీకు పానం ఒప్పది."
మంచిగున్నదే అన్నాను. లోపలికి వచ్చి తలుపేసుకున్నాను. నా చేతులు ఎట్లాంటివో, నా అబద్ధం ఎంతో, అన్నీ ఆమెకే తెలుసు. ఇంత మంచిది ఎందుకు అయి చావాలి ఈ మనిషి? చెడ్డదైతే నాకు ఎంత సుఖంగా ఉండేది.

ఏప్రిల్ 28
దిగాను.
మెట్ల మీదినుంచి కాదు. లోతు వైపుకు పోయి, ఒడ్డు మీదినుంచి, మోట బండ మీదినుంచి దూకినట్టే. అమ్మాయి ఈల ఊదుతూనే ఉంది. నీళ్ళు తలమీద మూసుకున్నాయి, మోకాళ్ళ నొప్పి ఎక్కడికి పోయిందో... పైకి తేలి, ఈ చివరి నుంచి ఆ చివరికి బారలు. మళ్ళీ వెనక్కి. చేతులు ఏమీ మరిచిపోలేదు. ఆగేసరికి అందరూ చప్పట్లు.
"ఆంటీ! ఎక్కడ నేర్చుకున్నరు?"
అప్పుడు అన్నాను. సరోజ పక్కనే రాడ్ పట్టుకుని ఉంది, ఆమెకూ అందరికీ వినబడేటట్టు అన్నాను. "మా ఊరి బావిల. మేమందరం ఈతలు కొడుతుంటె గీమె గడ్డ మీద బట్టలకు కాపలా. ఇప్పటికీ రాడ్ ఇడుస్తలేదు సూడున్రి."
గొల్లుమన్నారు. సరోజ కూడా నవ్వింది. కొంచెంసేపు కాళ్ళు కొట్టి, మెట్లెక్కి పోయింది. నేను బయటికి వచ్చేసరికి బట్టలు మార్చుకుని, నా తువ్వాల పట్టుకుని నిలబడి ఉంది. చేతికిచ్చి వెళ్ళిపోయింది.
గెలిచాను. రాత్రి కడుపునిండా తిన్నాను.

ఏప్రిల్ 29
సరోజ రాలేదు. తలనొప్పట.

ఏప్రిల్ 30
రాలేదు. అందరూ నన్నే "రాజక్కా, జర నాకు సూపియ్యరాదు" అంటున్నారు. చూపించాను. నా చుట్టూ ఎంతమందో.

మే 2
దూకాను. బాగా దూకాను. తేలి, ముఖం తుడుచుకుని ఒడ్డు కేసి చూశాను. కుర్చీ మీద నా తువ్వాల ఒక్కటే ఉంది. చప్పట్లు కొట్టారు ఎవరో. రెండోసారి దూకబుద్ధి కాలేదు.
బావి దగ్గర కూడా దూకే ముందు ఒకసారి గడ్డ మీదికి చూసేదాన్ని, ఈమె చూస్తున్నదా లేదా అని. ఇది ఇవ్వాళే గుర్తొచ్చింది.

మే 4
సరోజ పెరట్లో తీగ మీద నీలం కాస్ట్యూమ్. ఆ రోజు ఆరేసింది, తియ్యలేదు. బొగ్గుపొడి పడి బూడిదరంగుకు వచ్చింది. గోడ మీదినుంచి చెయ్యి చాపి దులుపుతుంటే బయటికి వచ్చింది. ఈ పూటా ఆ నడుము నాకంటే సన్నగానే ఉంది, చూశాను, చూడకుండా ఉండలేను.
"ఏందే?"
"పొడి వడుతున్నది."
"పడనియ్."
లోపలికి పోయింది. తలుపు వెయ్యలేదు. గిన్నెలు తోముతున్నది.
క్షమించు అని నాకు రాదు. ఎన్నడూ రాలేదు. గోడ పట్టుకుని నిలబడ్డాను, మోకాళ్ళు పీకుతున్నాయి. ఇంకేం అనాలో తెలియక అరిచాను. "సరోజా! మోకాళ్ళు వంచకే. తొడ నుంచి కొట్టాలె. నేను పట్టుకుంట, రాడ్ ఇడువు."
గిన్నెల చప్పుడు ఆగింది.
విన్నది.